మోనొంగహేలా వెంట ఎగువకు

పిట్స్‌బర్గ్ చూడాలనుకున్నవాళ్లు ముందు కొండెక్కాలి. ఊరికి దక్షిణాన, నది ఒడ్డునే నిట్టనిలువుగా లేచిన ఆ కొండ పేరు మౌంట్ వాషింగ్టన్. దాని మీదికి ఎర్ర రంగు పెట్టె ఒకటి ఉక్కు తాడు పట్టుకుని మెల్లగా పాకుతుంది. డ్యుకేన్ ఇంక్లైన్ అంటారు దాన్ని. 1877లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఒక పెట్టె పైకి పోతుంటే దానికి తూకంగా రెండోది కిందికి దిగుతుంది. ఇప్పుడు ఫోటోల కోసం ఎక్కేవాళ్లే ఎక్కువ గానీ, ఒకప్పుడు కొండ మీద కాపురముండే కూలీలు తెల్లవారకముందే ఉక్కు మిల్లులకు దిగింది ఇలాంటి బళ్లలోనే. ఊళ్లో డజనుకు పైగా ఉండేవి, రెండు మిగిలాయి.

పైకెక్కి చూస్తే ఊరి జాతకం మొత్తం ఒక్క చూపులో తెలుస్తుంది. ఎడమవైపు నుంచి అలెఘనీ నది, కుడివైపు నుంచి మోనొంగహేలా వచ్చి కోసుగా ఉన్న నేల కొస దగ్గర కలుస్తాయి. కలిసినచోట రెండింటి పేర్లూ పోయి ఒహాయో పుడుతుంది. ఆ ఒహాయో మిసిసిపీలో కలిసి మెక్సికో సింధుశాఖ దాకా పోతుంది. అంటే ఇక్కడ పడవెక్కించిన సరుకు సముద్రం చేరుతుంది. 1753లో ఇరవై ఒక్కేళ్ల జార్జ్ వాషింగ్టన్ ఈ చోటు చూసి, కోట కట్టడానికి ఇంతకు మించింది లేదని రాసుకున్నాడు. కట్టింది మాత్రం ఫ్రెంచివాళ్లు, మరుసటి ఏడాది. 1758లో ఫ్రెంచివాళ్లు దాన్ని తగలబెట్టి వెళ్లిపోతే, బ్రిటిషువాళ్లు ఆ చోటు పట్టుకుని, కొత్త కోట కట్టి, తమ మంత్రి విలియం పిట్ పేరు పెట్టారు. ఆనాటి కోటలో 1764 నాటి చిన్న ఇటుక బురుజు ఒకటి ఇంకా నిలిచి ఉంది. ఊళ్లో అంతకన్నా పాత కట్టడం లేదు.

నదులుంటే రేవు పట్నం అవుతుంది, ఉక్కు పట్నం కావాలంటే ఇంకొకటి కావాలి. అది నా కాళ్ల కిందే ఉంది. ఈ కొండ పాత పేరు కోల్ హిల్. కోటలోని సైనికులు ఇక్కడి బొగ్గు తవ్వుకుని చలి కాచుకునేవారు. ఆగ్నేయాన కనెల్స్‌విల్ ప్రాంతంలో దొరికే బొగ్గు, కొలిమి ఇంధనమైన కోక్ చేయడానికి అమెరికాలోకెల్లా మేలైనది. ఇనుప ఖనిజం మాత్రం ఇక్కడిది కాదు. ఎక్కడో మినసోటాలోని మెసాబి గనుల్లో తవ్వి, మహా సరస్సుల మీద ఓడల్లో వేసి, తర్వాత రైలెక్కించి తెచ్చేవారు. అంత దూరం నుంచి మోసుకొచ్చినా గిట్టేది. ఎందుకంటే ఆ రోజుల్లో ఇనుము కరిగించడానికి బొగ్గు విపరీతంగా ఖర్చయ్యేది. అందుకే ఖనిజమే బొగ్గు దగ్గరికి నడిచొచ్చింది.

మా బాబాయి కొడుకు ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. నది వెంట ఎగువకు బ్రాడక్ అనే ఊరి దాకా తీసుకెళ్లమని అడిగాను. "అక్కా, అక్కడేముంటుంది, తుప్పు తప్ప? మ్యూజియమ్‌కి పోదాం పద" అన్నాడు. తుప్పే చూస్తానన్నాను. నవ్వి బండి తీశాడు.

మోనొంగహేలాని ఇక్కడివాళ్లు ముద్దుగా 'మోన్' అంటారు. ఈ లోయలో మైళ్ల కొద్దీ నదికి రెండు వైపులా మిల్లులే ఉండేవి. 1940ల దాకా పట్టపగలు వీధి దీపాలు వెలిగించుకున్న ఊరిది. ఆఫీసులకు వెళ్లే మగవాళ్లు మధ్యాహ్నానికి రెండో చొక్కా మార్చుకునేవారు. పొగ అంటే కూడు అనుకునేవారు, గొట్టం పొగ మానేస్తే ఇంట్లో పొయ్యీ వెలగదని. 1948 అక్టోబరులో ఇదే నది మీద ఎగువనున్న డొనోరా ఊరిని జింకు ఫ్యాక్టరీ విషపు పొగ రోజుల తరబడి కమ్మేసింది, ఇరవైమంది చనిపోయారు. దేశంలో గాలి కాలుష్య చట్టాలకు పునాది పడింది ఆ చావుల మీదే. పిట్స్‌బర్గ్ అప్పటికే పొగ నియంత్రణ ఆర్డినెన్సు తెచ్చుకుంది. 1941లో చేసిన చట్టం, యుద్ధం మధ్యలో వచ్చి ఆగింది. యుద్ధం అయ్యాక మేయర్ డేవిడ్ లారెన్స్, బ్యాంకుల అధిపతి రిచర్డ్ కింగ్ మెలన్ చేతులు కలిపారు. ఒకాయన డెమొక్రాట్, ఇంకొకాయన రిపబ్లికన్. ఇద్దరూ కలిసి పొగ తగ్గించారు, నదుల సంగమం దగ్గరి గోదాములూ రైలు పట్టాలూ తీసేసి పార్కు కట్టించారు.

ఆ పునరుద్ధరణకు ఇంకో ముఖం ఉంది. ఊరి నడిబొడ్డుకు ఆనుకునే హిల్ డిస్ట్రిక్ట్ అని నల్లవాళ్ల పేట ఉండేది, జాజ్ సంగీతానికి పేరుమోసింది. దాని దిగువ భాగాన్ని కూల్చి ఎనిమిది వేలమందిని ఖాళీ చేయించారు. అక్కడ 1961లో సివిక్ అరీనా అని ఒక గుండ్రటి స్టేడియం లేచింది. ఆ స్టేడియమూ ఇప్పుడు లేదు. ఆ పేటలో పుట్టిన ఆగస్ట్ విల్సన్ ఇరవయ్యో శతాబ్దంలోని ఒక్కో దశాబ్దానికీ ఒక్కో నాటకం రాశాడు, పదింటిలో తొమ్మిదింటికి రంగస్థలం హిల్ డిస్ట్రిక్టే. పేటను కూల్చగలిగారు గానీ, నాటకాల్లోంచి దాన్ని తీసేయలేకపోయారు.

నది వెంట కొంతదూరం వెళ్లాక హేజల్‌వుడ్ వచ్చింది. జోన్స్ అండ్ లాఫ్లిన్ కంపెనీ మిల్లులుండేవి ఇక్కడ. చివరికి మిగిలిన కోక్ ప్లాంటు కూడా 1998లో మూతపడింది. ఒక మిల్లు గోడలూ రేకులూ తీసేసి, అస్థిపంజరం లాంటి ఉక్కు చట్రాన్ని మాత్రం అలాగే ఉంచారు. చట్రం లోపల అద్దాల భవనాలు, పైన సోలార్ పలకలు. మిల్ 19 దాని పేరు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ తయారీ రంగ పరిశోధన ఇక్కడ నడుస్తోంది.

ఈ మలుపు వెనక మన మనిషి ఒకరున్నారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1969లో కార్నెగీ మెలన్‌లో చేరారు. 1979లో అక్కడ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టినప్పుడు తొలి డైరెక్టరు ఆయనే. దానికి తొలి పెట్టుబడి పెట్టిన కంపెనీ వెస్టింగ్‌హౌస్. అంటే ఉక్కు యుగం నాటి ఊరి కంపెనీ డబ్బే రోబోల యుగానికి విత్తనమైంది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన ట్రిపుల్ ఐటీల వెనకా ఆయనే ఉన్నారు. మా తమ్ముడికి ఈ సంగతి తెలుసు, ఇక్కడి తెలుగు కుర్రాళ్లు చాలామందికి తెలుసు. ఆ పక్క హోమ్‌స్టెడ్‌లో ఏం జరిగిందో మాత్రం తెలియదన్నాడు.

హోమ్‌స్టెడ్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇప్పుడక్కడ వాటర్‌ఫ్రంట్ అని పెద్ద షాపింగ్ సముదాయం. సినిమా హాళ్లు, హోటళ్లు, కార్లు ఆపుకునే మైదానాలు. వాటి పక్కన పన్నెండు ఇటుక పొగగొట్టాలు వరసగా నిలబడి ఉన్నాయి. 1986లో మూతపడ్డ హోమ్‌స్టెడ్ వర్క్స్‌లో మిగిలినవాటిలో ముందుగా కంటపడేవి అవే.

ఇక్కడ ఆండ్రూ కార్నెగీ గురించి చెప్పుకోక తప్పదు. స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో చేనేత కార్మికుడి కొడుకు. ఆవిరి మగ్గాలొచ్చి తండ్రి మగ్గం మూలపడితే 1848లో కుటుంబమంతా ఇక్కడికి వలసొచ్చింది. పదమూడేళ్లకు బట్టల మిల్లులో వారానికి డాలరూ ఇరవై సెంట్ల కూలికి చేరాడు. తర్వాత టెలిగ్రాం కుర్రాడు, ఆపైన రైల్వే ఉద్యోగి, చివరికి ఉక్కు సామ్రాట్టు. 1901లో కంపెనీని జె.పి. మోర్గాన్‌కి 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. దాన్ని మరికొన్ని కంపెనీలతో కలిపి మోర్గాన్ కట్టిన యు.ఎస్. స్టీల్, ప్రపంచంలో వంద కోట్ల డాలర్లు దాటిన తొలి కంపెనీ. యంత్రం దెబ్బకు మగ్గం పోగొట్టుకున్న తండ్రి కొడుకే, కార్మికుడి మీదికి యంత్రాన్ని తోలిన యజమాని అయ్యాడు.

1892లో హోమ్‌స్టెడ్ కార్మిక సంఘం ఒప్పందం ముగిసింది. కార్నెగీ స్కాట్లాండ్‌లో వేసవి గడుపుతున్నాడు. ఇక్కడి పెత్తనం హెన్రీ క్లే ఫ్రిక్‌ది. ఫ్రిక్ కూలి తగ్గించాడు, మిల్లు చుట్టూ ఎత్తైన కంచె కట్టించాడు, కార్మికులను బయట నిలబెట్టి తాళం వేశాడు. జులై 6 తెల్లవారుజామున మూడొందలమంది పింకర్టన్ ప్రైవేటు సిపాయిలు రెండు బల్లకట్ల మీద ఈ నదిలోనే వచ్చారు. ఊరు ఊరంతా ఒడ్డుకు పరుగెత్తింది, ఆడవాళ్లు, పిల్లలు సహా. రోజంతా కాల్పులు. సాయంత్రానికి పింకర్టన్లు లొంగిపోయారు. రెండువైపులా కలిపి కనీసం పదిమంది చనిపోయారు. గెలిచినట్టే అనుకున్నారు కార్మికులు. వారం తిరక్కముందే గవర్నరు పంపిన ఎనిమిది వేలకు పైగా మిలీషియా సైనికులు దిగారు, వాళ్ల కాపలాలో కొత్త కూలీలతో మిల్లు నడిచింది. నవంబరుకు సమ్మె చచ్చిపోయింది. అమెరికా ఉక్కు రంగంలో సంఘం మళ్లీ గట్టిగా నిలబడడానికి 1937 దాకా పట్టింది. పన్నెండు గంటల పనిదినం 1923 వరకూ పోలేదు. పగటి షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకు మారే రోజున ఇరవై నాలుగ్గంటలు ఏకబిగిన పనిచేయాలి, రెండు వారాలకోసారి.

ఆ పింకర్టన్లు దిగబోయిన చోట పంప్ హౌస్ అనే ఇటుక భవనం ఇంకా ఉంది. నది ఒడ్డున సైకిల్ తొక్కుకుంటూ పోయేవాళ్లు దాని పక్కనుంచే పోతుంటారు. అటు కొండ మీద, కాల్పులు జరిగిన ఆరేళ్లకు 1898లో, కార్నెగీ కట్టించిన లైబ్రరీ ఉంది. సంగీత శాల, ఈతకొలను కూడా ఉన్న భవంతి. ప్రపంచమంతటా రెండున్నర వేల లైబ్రరీలు కట్టించిన మనిషి ఆయన. పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడినవాడికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిదని కార్మికులు అప్పుడే అడిగారు. లైబ్రరీ బదులు కూలి పెంచితే చాలన్నవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ లైబ్రరీలో కూర్చుని చదువుకున్న కార్మికుల బిడ్డలు ఎందరో ఉన్నారన్నదీ నిజమే. ఒక నిజం కోసం రెండోదాన్ని దాచిపెట్టే అవసరం నాకు కనిపించలేదు.

నది అవతలి ఒడ్డున, రాంకిన్ వైపు, క్యారీ ఫర్నేస్. 1907 నాటి రెండు బ్లాస్ట్ ఫర్నేసులు, ఒక్కోటి తొంభై అడుగులకు పైగా ఎత్తు. 1982లో ఈ ప్లాంటు పూర్తిగా మూతపడింది. ఇప్పుడు జాతీయ చారిత్రక కట్టడం. మే నుంచి అక్టోబరు దాకా గైడుతో లోపలికి తీసుకెళ్తారు. నెత్తిన హెల్మెట్ పెట్టి నడిపించారు.

మా గైడు నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. కొలిమి పైనుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి పడుతుంటాయి. కిందనుంచి మండే గాలిని ఊదుతారు. సున్నపురాయి మలినాలను పట్టుకుని చిట్టెంగా పైకి తేలుతుంది, బరువైన ఇనుము అడుగున చేరుతుంది. కొన్ని గంటలకోసారి అడుగున బంకమట్టితో మూసిన రంధ్రాన్ని తొలిచి ఇనుమును పారిస్తారు. నేలలో ఇసుకతో కట్టిన కాలువల్లో ప్రవహించి అది కింద నిలబెట్టిన రైలు బళ్లలో పడుతుంది. ఆ బళ్లు కరిగిన ఇనుముతోనే నది మీది వంతెన దాటి హోమ్‌స్టెడ్‌కు పోయేవి, అక్కడ ఉక్కు అయ్యేది. కొలిమి ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. ఆదివారం లేదు, పండగ లేదు. దాన్ని కాచుకునే మనిషికీ ఉండేవి కావు.

క్యారీ అన్నది యజమానుల బంధువుల్లో ఒకామె పేరు. ఈ లోయలో కొలుములకు ఆడవాళ్ల పేర్లు పెట్టడం రివాజు. లూసీ, ఇసబెల్లా, డొరతీ. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. డ్యుకేన్ ఊళ్లోని డొరతీని 1984లో ఆపేస్తే, కార్మికులు తామే కొని నడుపుతామని ఏళ్ల తరబడి పోరాడారు. డబ్బు పుట్టలేదు. 1988లో దాన్ని కూల్చేశారు.

తుప్పు పట్టిన గొట్టాల మధ్య, పెరట్లో, ఒక జింక తల ఉంది. నలభై అడుగులు దాటిన ఎత్తు. 1990ల చివర్లో కొందరు కళాకారులు ఎవరి అనుమతీ లేకుండా లోపలికి దూరి, అక్కడే దొరికిన పైపులూ తీగలతో దాన్ని అల్లారట. అప్పటికే ఈ పాడు మిల్లులో నిజం జింకలు తిరుగుతుండేవి.

ఇంత పెద్ద పరిశ్రమ ఇంత త్వరగా ఎలా కూలింది? ఒక్క కారణం చెబితే అబద్ధమవుతుంది. యుద్ధంలో బూడిదైన జపాన్, జర్మనీలు కొత్త మిల్లులు కట్టుకున్నాయి, ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే కొత్త పద్ధతితో. ఇక్కడి యజమానులు చాలాచోట్ల పాత ఓపెన్ హార్త్ కొలుములనే ఏళ్ల తరబడి అరగదీశారు. తుక్కు కరిగించే చిన్న మిల్లులు చవక సరుకు మార్కెట్టును లాక్కున్నాయి. 1980ల మొదట్లో వడ్డీలూ డాలరు విలువా పెరిగి విదేశీ ఉక్కు ఇంకా చవకైంది. ఆ సమయంలోనే, 1982లో, యు.ఎస్. స్టీల్ ఆరు వందల కోట్ల డాలర్లు పైనే పెట్టి మారథాన్ ఆయిల్ కంపెనీని కొనుక్కుంది. మిల్లులు బాగు చేయడానికి లేని డబ్బు నూనెబావులకు ఎక్కడిదని ఈ లోయలో ఇప్పటికీ అడుగుతారు. 1950లో పిట్స్‌బర్గ్ జనాభా 6,76,806. 2020లో 3,02,971. కుర్రకారు పని వెతుక్కుంటూ దక్షిణానికీ పడమటికీ పోయింది.

చివరి మజిలీ బ్రాడక్. ఊళ్లోకి రాగానే ముక్కుకు తెలుస్తుంది, ఇక్కడ మిల్లు బతికే ఉందని. కార్నెగీ 1875లో వెలిగించిన ఎడ్గర్ థామ్సన్ వర్క్స్ ఇంకా పనిచేస్తోంది. 1755లో జనరల్ బ్రాడక్ నడిపిన బ్రిటిషు సేన ఫ్రెంచివాళ్ల చేతుల్లో, ఆదివాసుల చేతుల్లో ఓడిపోయిన యుద్ధభూమి ఈ మిల్లు కిందే ఉంది. యు.ఎస్. స్టీల్‌ని 2025 జూన్‌లో జపాన్ కంపెనీ నిప్పన్ స్టీల్ కొనుక్కుంది. ఒకప్పుడు ఎవరి పోటీకి తట్టుకోలేక చతికిలబడ్డారో వాళ్లే ఇప్పుడు యజమానులు. అదే ఏడాది ఆగస్టులో, ఇంకా ఎగువన క్లెయిర్టన్ కోక్ ప్లాంటులో పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఉక్కు కథ చరిత్ర పుస్తకంలోకి వెళ్లిపోయిందనుకునేవాళ్లు ఈ రెండు వార్తలూ గుర్తుపెట్టుకోవాలి.

మిల్లు ఉంది గానీ ఊరు లేదు. వందేళ్ల కిందట ఇరవై వేలమంది ఉన్న బ్రాడక్‌లో ఇప్పుడు రెండు వేలమంది కూడా లేరు. పెద్ద వీధిలో ఒక ఇల్లుంటే రెండు ఖాళీ జాగాలు. ఊరికున్న ఒక్క ఆసుపత్రినీ యుపిఎంసి 2010లో మూసేసింది. యుపిఎంసి అంటే పిట్స్‌బర్గ్ యూనివర్సిటీతో అనుబంధమున్న వైద్యశాలల సంస్థ, ఇవాళ ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉద్యోగాలిస్తున్నది అదే. పట్నం నడిబొడ్డున 64 అంతస్తుల యు.ఎస్. స్టీల్ భవనం నెత్తిన ఇప్పుడు మెరిసే అక్షరాలు కూడా ఆ సంస్థవే.

బ్రాడక్‌లో నేను చూడాలనుకున్నది లైబ్రరీ. 1889లో తెరిచారు, అమెరికాలో కార్నెగీ కట్టించిన వాటిలో మొదటిది. దాని నేలమాళిగలో స్నానాల గదులు కట్టించారు. షిఫ్టు దిగిన కార్మికుడు మసి కడుక్కుని పైకొచ్చి పుస్తకం పట్టుకోవాలని. 1974లో మూతపడి, కూల్చివేత దాకా వెళ్లి, ఊరివాళ్ల పట్టుదల వల్ల నిలబడింది. కార్నెగీ ఉదారతా, ఆయన మిల్లుల్లోని పనీ రెండూ ఆ స్నానాల గదుల్లో కలిసే ఉన్నాయి.

తిరుగుదారిలో పెన్ హిల్స్ వెళ్లాం. కొండవాలున తెల్లటి గోపురంతో వేంకటేశ్వరుడి గుడి. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఈ గుడి, అమెరికాలో శాస్త్రోక్తంగా కట్టిన తొలి హిందూ ఆలయాల్లో ఒకటి. తిరుమల తిరుపతి దేవస్థానం శిల్పులనూ సాయాన్నీ పంపింది. దూరపు రాష్ట్రాల నుంచి కూడా మనవాళ్లు వచ్చి దర్శనం చేసుకుని, కింద భోజనశాలలో పులిహోర తిని, వచ్చిన హైవే మీదే వెళ్లిపోతారు. స్వామి ఇక్కడే ఎందుకు వెలిశాడని ఎవరూ అడగరు. 1965లో వలస చట్టం మారాక వచ్చిన మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ ఉద్యోగాలిచ్చినవి ఇక్కడి ఆసుపత్రులు, యూనివర్సిటీలు, వెస్టింగ్‌హౌస్ లాంటి కంపెనీలు.  ఊరి ఆసుపత్రులూ, చదువులూ, పరిశ్రమలూ ఎదిగింది బొగ్గూ ఉక్కూ తెచ్చిన సంపద మీద. మన గుడికీ పునాది అక్కడే ఉంది.

పరిశ్రమలు మూతపడిన నగరాలకు పిట్స్‌బర్గ్‌ని ఆదర్శంగా చూపిస్తుంటారు. 2009లో జి-20 సమావేశం ఇక్కడ పెట్టింది కూడా అందుకే. నగరం కోలుకుంది, సందేహం లేదు. అది కూడబెట్టుకున్న చదువుల వల్ల, ఆసుపత్రుల వల్ల, దాతల నిధుల వల్ల కోలుకుంది. ఆ మూలధనాన్ని చెమటోడ్చి సంపాదించిపెట్టిన మోన్ లోయ ఊళ్లు మాత్రం వాటా అందక అక్కడే ఉండిపోయాయి. ఉక్కు పోయినా ఊరు బతకొచ్చని పిట్స్‌బర్గ్ రుజువు చేసిందంటే ఒప్పుకుంటాను. ఉక్కు చేసినవాడు కూడా బతికాడా అని అడిగి, ఆ లెక్క కూడా తేలాకే దాన్ని ఇంకో ఊరికి ఆదర్శంగా చెప్పాలి.

పెన్ హిల్స్ గుడికి వెళ్లే తెలుగువాళ్లకు ఒక్క మాట. దర్శనం అయ్యాక ఇంకో సగం రోజు మిగుల్చుకోండి. క్యారీ ఫర్నేస్ కారులో దగ్గరే, టికెట్లు ముందుగా తీసుకోవాలి, మే నుంచి అక్టోబరు దాకానే తెరుస్తారు. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. వాళ్లు రోజూ ఎక్కి తిరిగే వంతెనల ఉక్కు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వాళ్లకు తెలియాలి.